ఏక్‌బాల్‌పూర్ నుండి అచీపూర్ వరకు: ఇటుక కంకర బాటపై ఒక సైకిలు యాత్ర

కలకత్తా మహానగరానికి దక్షిణ దిశలో, ఖిదిర్‌పూర్ రేవుకూ అలీపూర్ తోటలకూ నడుమ ఇమిడి ఉన్న పేట ఏక్‌బాల్‌పూర్. 2018లో బదిలీపై ఈ నగరానికి వచ్చిన నాటి నుండి మేము ఈ పేటలోనే అద్దె ఇంట కాపురం ఉంటున్నాము. డైమండ్ హార్బర్ రోడ్డు దీనిని ఆనుకొని దక్షిణానికి సాగిపోతుంది. సందులలోకి అడుగు పెడితే ఉర్దూ, బెంగాలీ, హిందీ ఒకే వాక్యంలో కలసి వినిపిస్తాయి. అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం కోల్పోయి వచ్చి శేషజీవితం గడిపిన మటియాబుర్జు ఇక్కడికి సమీపమే. బిరియానీలో బంగాళాదుంప వేసే కలకత్తా అలవాటు ఆయన వంటశాల నుండే వచ్చిందని ఈ పేటవారు గర్వంగా చెప్పుకుంటారు.

తెలుగువారికి ఈ ప్రాంతం కొత్తది కాదు. గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, దానికి పూర్వరూపమైన బెంగాల్ నాగపూర్ రైల్వే తరతరాలుగా మన ఉత్తరాంధ్ర కుటుంబాలకు అన్నం పెట్టాయి. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి వలస వచ్చిన కార్మికుల సంతతి నేటికీ ఈ నది పొడవునా కానవస్తుంది. అయితే ఈ వ్యాసం ఆ చరిత్ర గురించి కాదు. యాభై ఏడేళ్ళ వయసులో, తారు రోడ్డు తప్ప మరొకటి ఎరుగని మేము కంకర బాటపై సైకిలు తొక్కడం నేర్చుకున్న ఒక ఉదయం గురించి.

విద్యార్థి దశలో కళాశాలకు సైకిలుపై వెళ్ళిన అలవాటు నలభై అయిదో ఏట వ్యాయామంగా మళ్ళీ మొదలైంది. పలుచని చక్రాల రోడ్డు సైకిలు ఒకటి కొన్నాము. దాని టైరు వెడల్పు 25 మిల్లీమీటర్లు. గాలి పీడనం చదరపు అంగుళానికి 100 పౌండ్లు. నున్నని తారుపై అది బాణంలా పోతుంది. కలకత్తాలో సైకిలు తొక్కేవానికి తెల్లవారుజామే రాజ్యం. 2013లో నగర పోలీసులు 174 వీథులలో సైకిళ్ళను నిషేధించారు. తరువాత కొంత సడలింపు కలిగినా, పగటి వాహన ప్రవాహంలో సైకిలుకు చోటు తక్కువే. కనుక సూర్యోదయానికి ముందే మైదానం వైపు వెళ్ళి, ఎండ ముదరక ముందే ఇల్లు చేరుకోవడం మా పద్ధతి.

2019 ఆగస్టులో ఒక వాన ఉదయాన మైదానం పక్కన ట్రాము పట్టాలు దాటుతూ పడిపోయాము. ఎస్ప్లనేడ్ నుండి ఖిదిర్‌పూర్‌కు 1902 మార్చిలో విద్యుత్ ట్రాము నడవడం మొదలైంది. ఈ నగరపు విద్యుత్ ట్రాముకు అదే శ్రీకారం. అంతటి చరిత్ర గల పట్టాల గాడి మా 25 మిల్లీమీటర్ల టైరుకు సరిగ్గా సరిపోయింది. తడిసిన పట్టాను సాధ్యమైనంత వరకు లంబకోణంలో దాటాలన్న సంగతి తెలిసి కూడా ఏటవాలుగా దాటబోయాము. తప్పు పట్టాలది కాదు, మాదే. మెడ కింది ఎముక విరిగింది. మూడు నెలలు చేయి మెడకు వేలాడింది.

ఎముక అతికింది గాని భయం అతుక్కొనే ఉండిపోయింది. అటు తరువాత రోడ్డుపై గుప్పెడు ఇసుక కనబడినా, నాలుగు కంకర రాళ్ళు కనబడినా దిగి నడిపించుకొని పోయేవారము. మా ఇంటి సందు మొదట్లో మురుగు కాలువ కోసం తవ్వి, ఇటుక కంకరతో పూడ్చిన పది గజాల మేర ఉన్నది. ప్రతి ఉదయం అక్కడ దిగేవారము. ఎవరైనా చూస్తే గొలుసు సరిచేస్తున్నట్లు వంగేవారము. యంత్రాల బలాబలాలు లెక్క కట్టడమే వృత్తిగా బ్రతికిన వారికి ఇది చెప్పుకోదగిన స్థితి కాదు. అందుచేత ఎవరికీ చెప్పలేదు.

గడచిన మాఘమాసంలో మా అన్నగారి కుమారుడు ఇంటికి వచ్చాడు. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వెడల్పు టైర్ల కొత్తరకం సైకిలు ఒకటి కొన్నాడు. దానిని గ్రావెల్ బైక్ అంటారట.

"బాబాయ్, ఆదివారం మీరు నా బండి మీద రండి. నేను మిత్రుడి బండి తెచ్చుకుంటాను. బజ్‌బజ్ దాటాక కట్ట మీద ఇటుక బాట ఉంది" అన్నాడు.

"ఒరేయ్, ఈ వయసులో మళ్ళీ ఎముకలు అతికించుకునే ఓపిక నాకు లేదురా" అన్నాము.

కాఫీ తెచ్చిన మా శ్రీమతి అక్కడే నిలబడి, "ఏమండీ, సందు మొదట్లో మీరు రోజూ దిగి నడవడం డాబా మీద నుంచి చూస్తూనే ఉన్నాను. గొలుసు ఎన్నిసార్లు ఊడుతుంది చెప్పండి? వెళ్ళి రండి" అన్నది. మరి మాట్లాడడానికి ఏమీ మిగలలేదు.

సైకిలు చరిత్ర తిరగవేస్తే, తొలి సైకిలు వీరులందరూ కంకర బాటల వారే. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందే నాటికి తారు రోడ్లు అరుదు. గతుకుల బాధ తప్పించడానికే ఆ టైరు పుట్టింది. అమెరికాలో 1880లో ఏర్పడిన సైకిలు వారి సంఘం మంచి రోడ్ల కోసం పెద్ద ఉద్యమమే నడిపింది. ఆ రోడ్లు వచ్చాక వాటిని మోటార్లు ఆక్రమించుకున్నాయి. 1903లో మొదలైన టూర్ ద ఫ్రాన్స్ తొలి పోటీలు చాలా వరకు మట్టి, కంకర దారులపైనే సాగాయి. ఈ వంగదేశం నుండి బిమల్ ముఖర్జీ 1926లో సైకిలుపై ప్రపంచ యాత్రకు బయలుదేరి 1937లో తిరిగి వచ్చాడు. ఆయన చక్రాల కింద తారు ఎంత ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చును. నేడు మోటార్ల రద్దీకి విసిగిన సైకిలువారు మళ్ళీ కంకర బాట పడుతున్నారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా పట్టణం నుండి 2006లో మొదలైన 200 మైళ్ళ కంకర పందెం ఇందుకు పెద్ద ప్రేరణ. 2022లో ఇటలీలో ఈ క్రీడకు ప్రపంచ ఛాంపియన్‌షిప్పు కూడా ఆరంభమైంది.

ఇక టైరు లెక్క. సైకిలూ మనిషీ కలిపి బరువు సుమారు 200 పౌండ్లు అనుకుందాము. టైరులో గాలి చదరపు అంగుళానికి 100 పౌండ్లు ఉంటే, రెండు చక్రాలు కలిసి నేలను తాకే వైశాల్యం ఇంచుమించు 2 చదరపు అంగుళాలు. గాలిని 40 పౌండ్లకు తగ్గిస్తే అది 5 చదరపు అంగుళాలు అవుతుంది. మెత్తని టైరు చిన్న రాళ్ళను తనలోకి ఇముడ్చుకొని దొర్లిపోతుంది. గట్టి టైరు ప్రతి రాయినీ ఎక్కి దిగుతుంది. ఆ ఎక్కడానికి కావలసిన శక్తి మన కాళ్ళ నుండే పోవాలి. అయితే 25 మిల్లీమీటర్ల టైరులో గాలి బాగా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి చిరుగుతుంది. అందుకే కంకర సైకిలుకు 40 మిల్లీమీటర్ల వెడల్పు.

శనివారం సాయంత్రం ఈ లెక్క అంతా మా పేటలోని వృద్ధ సైకిలు మిస్త్రీకి వినిపించాము. ఆయన ఓపికగా విని, బొటనవేలితో టైరు నొక్కి చూసి, ఉర్దూలో అన్న మాటకు అర్థం ఇది: "సాహెబ్, గాలి తక్కువైతే చక్రం నేలను పట్టుకుంటుంది. ఎక్కువైతే నేల చక్రాన్ని తంతుంది." మా లెక్కకు అంతకంటె క్లుప్తమైన వ్యాఖ్యానం ఉండబోదు.

ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి మేమిద్దరము బయలుదేరాము. మంచు దట్టంగా ఉన్నది. మోమిన్‌పూర్ మీదుగా మాజేర్‌హాట్ వంతెన చేరుకున్నాము. మేము ఈ నగరానికి వచ్చిన ఏడే, 2018 సెప్టెంబరు 4న, ఇక్కడి పాత వంతెనలో ఒక భాగం కూలి మనుషులు మరణించారు. కొత్త వంతెన 2020 డిసెంబరులో తెరిచారు. ఇంజనీరుగా బ్రతికే ఎవరికైనా ఆ చోటు దాటేటప్పుడు మాట తగ్గుతుంది. మాకూ తగ్గింది.

తారాతలా, జింజిరా బజారు దాటి బజ్‌బజ్ ట్రంక్ రోడ్డు పట్టాము. 1930లలో బాటా చెప్పుల కర్మాగారం చుట్టూ వెలసిన బాటానగర్ అప్పుడప్పుడే నిద్ర లేస్తున్నది. ఇరవై కిలోమీటర్ల దూరం గడిచేసరికి బజ్‌బజ్ వచ్చింది. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్య దేశాల నుండి తిరిగి వస్తూ స్వామి వివేకానంద ఓడ దిగి రైలెక్కిన రేవు ఇదే. కెనడా తీరం నుండి వెనుకకు పంపివేయబడిన కొమగాటా మారు ఓడ ప్రయాణికులపై 1914 సెప్టెంబరు 29న పోలీసులు కాల్పులు జరిపినదీ ఇక్కడే. పంజాబు నుండి బ్రతుకు తెరువు వెదుక్కుంటూ వెళ్ళినవారు సముద్రాలు దాటి తిరిగి వచ్చి, సొంత నేలపై ప్రాణాలు విడిచారు. వారి స్మారకం ముందు కొద్దిసేపు ఆగి, నీళ్ళు త్రాగి ముందుకు కదిలాము.

పూజాలీలో 750 మెగావాట్ల విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు మంచులో నుండి పైభాగం మాత్రమే చూపుతున్నాయి. అక్కడికి కొంచెం దూరాన మా వాడు ఎడమకు, ఒక సందులోకి తిరిగి, మళ్ళీ కుడికి మళ్ళి నది కట్ట ఎక్కాడు. తారు అంతమైంది. ఎదుట ఎర్రని బాట.

మన తెలుగునాట కంకర అనగానే నల్లరాయి గాని, ఎర్ర మొరం గాని గుర్తుకు వస్తుంది. గంగా డెల్టాలో రాయి లేదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు మట్టి, ఇసుకలే. రాతి కంకర కావాలంటే రాజమహల్ కొండల నుండి, పాకూర్ క్వారీల నుండి రైలులోనో లారీలోనో రావాలి. అందుచేత ఈ దేశపు పెద్దలు మట్టినే రాయిగా మార్చుకున్నారు. బట్టీలో అతిగా కాలి, వంకరలు తిరిగి, గట్టిపడిన ఇటుకను ఝామా అంటారు. గోడకు పనికిరాని ఆ ఇటుకను పగులగొట్టి ఖోవా అనే కంకరగా చేసి రోడ్ల పునాదులలోనూ, కాంక్రీటులోనూ వాడతారు. ఇటుక పొడియే మన పాత మేస్త్రీలు సున్నంలో కలిపే సుర్కీ.

కట్ట పొడవునా ఇటుక బట్టీలు ఉన్నాయి. ఇక్కడి మట్టి సేకరణ పద్ధతి ఇంజనీర్లు తప్పక చూడవలసినది. నదిలో పోటు వచ్చినప్పుడు బురద నీటిని కాలువ ద్వారా గుంటలలోకి వదులుతారు. నీరు నిలకడైతే ఒండ్రు అడుగున పేరుకుంటుంది. ఆటు సమయాన తేట నీటిని తిరిగి నదికి పంపుతారు. కొన్ని మాసాలు ఇలా జరిగితే గుంట నిండుతుంది. ఆ మట్టిని తవ్వి ఇటుకలు కోస్తారు. తరువాతి ఏటికి నది మళ్ళీ నింపి పెడుతుంది.

బాట రెండు రకాలు. కొంత మేర ఇటుకలను పక్కపక్కన పేర్చి పరచారు. మిగిలిన మేర ఖోవా పోసి లారీల చేత తొక్కించారు. పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో మెకాడం చెప్పిన సూత్రం ఇక్కడ కంటికి కనబడుతుంది. కోణాలు గల ముక్కలు బరువు పడేకొద్దీ ఒకదానిలో ఒకటి ఇరుక్కొని గట్టిపడతాయి. లారీ చక్రాల జాడలో బాట రాయిలా ఉన్నది. జాడకు బయట ముక్కలు విడివిడిగా దొర్లుతున్నాయి.

మొదటి అర కిలోమీటరు మాకు నరకం. హ్యాండిలును పిడికిళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాము. ముందు చక్రం ఎటు జరిగినా సరిచేయబోయాము. సరిచేసిన కొద్దీ అది మరింత జరిగింది.

"బాబాయ్, చక్రాన్ని చూడకండి. పది గజాల ముందుకు చూడండి. చేతులు వదులు చేయండి. దాని పని దాన్ని చేసుకోనివ్వండి" అని మా వాడు వెనుక నుండి అరుస్తున్నాడు.

చూపు ఎత్తాము. మోచేతులు కొద్దిగా వంచాము. గేరు తగ్గించి కాళ్ళను తేలికగా, సమంగా తిప్పసాగాము. గతుకులు ఎక్కువైన చోట పిరుదులు కొంచెం ఎత్తి, మోకాళ్ళను స్ప్రింగులుగా చేశాము. ఆశ్చర్యం! చక్రం కింద ముక్కలు కదులుతూనే ఉన్నాయి, బండి మాత్రం తిన్నగా పోతున్నది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో యంత్రాలకు కొంత సందు, కొంత ఆట ఉంచాలని ఎందరు యువ ఇంజనీర్లకు బోధించామో! మన భుజాలకు ఆ సూత్రం వర్తింపజేయాలని ఏనాడూ తోచలేదు.

ధైర్యం ముదిరిన చోటనే ప్రమాదం పొంచి ఉంటుంది. కట్ట మీద నుండి ఒక బట్టీలోకి దిగే వాలు వచ్చింది. ఇటుకలు మంచుకు తడిసి, అంచులకు నాచు పట్టి ఉన్నాయి. సగం దిగాక పాత భయం ఒక్కసారిగా చేతులలోకి వచ్చింది. ముందు బ్రేకు గట్టిగా నొక్కాము. చక్రం ఆగింది, బండి ఆగలేదు. దొర్లే చక్రానికి నేలపై పట్టు ఉంటుంది. జారే చక్రానికి అది తగ్గిపోతుంది, దిశ మార్చే శక్తి అసలే ఉండదు. ఈ పాఠం చదివిన మనిషి ఎడమ వైపుకు, విరిగి అతికిన భుజం మీదకే, ఒండ్రు బురదలో పడ్డాడు.

కొన్ని క్షణాలు కదలలేదు. నొప్పి కోసం ఎదురుచూశాము. రాలేదు. వేళ్ళు కదిపాము, భుజం తిప్పాము, అన్నీ చెప్పిన మాట వింటున్నాయి. మా వాడు ముఖం పాలిపోయి పరుగెత్తుకు వచ్చాడు. అంతలో పై నుండి గంట మ్రోగింది. బట్టీ కార్మికుడు ఒకడు పాత నల్ల సైకిలుపై, వెనుక బియ్యం బస్తా కట్టుకొని, అదే వాలులో నింపాదిగా దిగి వచ్చాడు. బ్రేకు వెనుకది మాత్రమే, అదీ ముందు నుండే కొద్దికొద్దిగా పడుతున్నాడు. మమ్మల్ని తప్పించుకొని పోతూ, జాగ్రత్త అన్నట్టు చేయి ఊపాడు.

ఆయన సైకిలు టైరు వైపు మా చూపు పోయింది. మన దేశంలో పాలవాడు, పోస్టుమాను, మేస్త్రీ తొక్కే నల్ల సైకిలు టైరు కొలత 28 అంగుళాలకు ఒకటిన్నర అంగుళం. ఒకటిన్నర అంగుళం అంటే 38 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ కొలతల పట్టీలో దానిని 40గా వ్రాస్తారు. మా వాడు అంత డబ్బు పోసి కొన్న కొత్తరకం బండి టైరూ 40 మిల్లీమీటర్లే! 1950లలో ఈ రాష్ట్రంలోనే ఆసన్‌సోల్ వద్ద సెన్-ర్యాలే సంస్థ ఇటువంటి సైకిళ్ళు తయారు చేసింది. తరువాత అది జాతీయమై సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పేరిట మనవంటి ప్రభుత్వరంగ సంస్థ అయింది. నేడు ఆ కర్మాగారం లేదు. ఆ కొలత మాత్రం ప్రతి పల్లెలో తిరుగుతూనే ఉన్నది. లోకం కొత్తగా పేరు పెట్టిన విద్యను మన గ్రామీణులు పేరు లేకుండానే నిత్యం సాధన చేస్తున్నారు.

వాలు పైకి బండి నడిపించుకొని వెళ్ళి, మళ్ళీ దిగాము. ఈసారి శరీరాన్ని వెనుకకు వాల్చి, ఆ కార్మికుని వలె ముందు నుండే వెనుక బ్రేకు కొద్దికొద్దిగా పట్టి దిగాము. పడలేదు. మరొకసారి ఎక్కి మరొకసారి దిగాము. "చాలు బాబాయ్, ఆకలేస్తోంది" అనే దాకా ఆ పని మానలేదు.

కట్ట పక్కన టీ దుకాణంలో బురద బట్టలతో కూర్చొని మేము తెలుగులో మాట్లాడుకుంటుండగా, టీ కాచే ముసలమ్మ చేయి ఆపి మా వంక చూసింది.

"మీది శికాకోలు వైపేనా బాబూ?" అన్నది.

ఆమె తాతగారు మిల్లు పనికి వచ్చారట. ఆమె ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా మాటలోని యాస చెక్కు చెదరలేదు. ఎక్కడ పడ్డామో అడిగి, భుజానికి ఆవనూనె రాసుకోమని చెప్పి, "పడ్డాక వెంటనే లేచి ఎక్కినావు గదా, ఇంక బయముండదు నాయనా" అన్నది. టీ డబ్బులు ఎంత బ్రతిమాలినా తీసుకోలేదు.

అక్కడి నుండి అచీపూర్ చేరుకున్నాము. వారన్ హేస్టింగ్స్ కాలంలో ఇక్కడ భూమి పొంది చక్కెర తయారీ ఆరంభించిన టాంగ్ అచ్యూ అనే చైనా దేశీయుని పేరు మీద ఈ ఊరు వెలసింది. నది ఒడ్డున గుర్రపు లాడం ఆకారంలో ఎర్రరంగు పూసిన ఆయన సమాధి ఉన్నది. కలకత్తా చైనీయులు తమ నూతన సంవత్సరం తరువాత ఏటేటా వచ్చి ఇక్కడ పూజలు చేస్తారు. మంచు విడిచి అవతలి ఒడ్డున ఉలుబేరియా కానవచ్చింది. హుగ్లీ ఇక్కడ విశాలంగా, బురద రంగులో, తొందర లేకుండా పోతున్నది. పరాయి ఊరికి వచ్చి పాతుకుపోయిన మనిషి సమాధి పక్కన కూర్చుంటే, టీ కాచే ముసలమ్మ గొంతే చెవిలో మెదిలింది.

మన సంస్థ సోదరులలో ఎవరైనా ఇటువంటి ప్రయత్నం చేయదలిస్తే మాకు తోచిన నాలుగు మాటలు. కొత్త బండి అవసరం లేదు, వెడల్పు టైరు చాలు. శిరస్త్రాణం, చేతి తొడుగులు తప్పనిసరి. గాలి కొంత తగ్గించండి, అదనపు ట్యూబు, పంపు వెంట ఉంచండి. మొదటిసారి ఒంటరిగా పోకండి. వాలు మొదలు కాక ముందే వేగం తగ్గించండి, జారుతున్నప్పుడు కాదు. అన్నింటికంటె ముఖ్యంగా ఇంట్లో చెప్పి వెళ్ళండి.

తిరుగు ప్రయాణంలో ఏక్‌బాల్‌పూర్ చేరేసరికి పదకొండు దాటింది. సందు మొదట్లో ఆ పది గజాల ఇటుక కంకర అలాగే ఉన్నది. మిస్త్రీ దుకాణం తెరిచి కూర్చున్నాడు. చేతులు వదులు చేసి, చూపు ముందుకు సాచి, దిగకుండా దాటాము. తల ఎత్తి చూస్తే డాబా మీద బట్టలు ఆరవేస్తూ మా శ్రీమతి కనబడింది. బురద పట్టిన చొక్కా, భుజం మీది గీతలు ఆమె చూడనే చూసింది.

"గొలుసు ఊడలేదా ఇవాళ?" అన్నది పై నుండి.

"ఊడలేదు" అన్నాము.